అన్నం మానేశారు, బిళ్ళ మానలేదు: వరదలో చిక్కుకున్న లంక ఇంట్లో ఒక హైపోగ్లైసీమియా కేసు

నేను బి.ఎస్సీ. నర్సింగ్ చదివి, కోనసీమలోని ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడరుగా పనిచేస్తున్నాను. ఈ హైపోగ్లైసీమియా (రక్తంలో షుగరు ప్రమాదకరంగా పడిపోవడం) కేసు నా పరిధిలోని ఒక లంక గ్రామంలో, వరద రోజుల్లో జరిగింది. రోగినిగాని ఇంటినిగాని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. షుగరు అంకెలు, మందుల మోతాదులు, వేళలు మాత్రం ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను. తోటి నర్సులు చదువుతారని రాస్తున్నాను కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ ఇంటిని ప్రమాదం దాకా తీసుకెళ్ళిన సలహా ఇచ్చింది నేనే.

పరిస్థితి

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల్లో, ఏటిగట్లకు నదివైపున ఉన్న లంకలకు మామూలు రోజుల్లో కాజ్‌వేల మీదుగానో పడవల మీదనో రాకపోకలు సాగుతాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక నాటికే చాలా కాజ్‌వేలు నీటిలో ఉంటాయి. ఈ కేసు జరిగిన రోజున రెండో హెచ్చరిక అమల్లో ఉంది. గట్టుకు ఇవతల హైస్కూల్లో నడుస్తున్న పునరావాస కేంద్రంలో నాకు డ్యూటీ వేశారు. లంకలో సగం మంది ఆ స్కూలుకు వచ్చారు, మిగిలినవాళ్ళు గేదెలను వదిలి రాలేక ఇళ్ళలోనే ఉండిపోయారు. నీరు ఇంకా అరుగుల దాకా రాలేదు కాబట్టి వాళ్ళను బలవంతంగా తరలించే పరిస్థితి కూడా లేదు.

సాయంత్రం 6.20కి ఆ లంకలో ఉండిపోయిన ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. 71 ఏళ్ళ మామ్మగారికి మధ్యాహ్నం మూడింటి నుంచి మాట తడబడుతోందని, కుడి చెయ్యి లేవడం లేదని, పక్షవాతమని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారని చెప్పింది. ఆవిడ నాకు బాగా తెలుసు. 14 ఏళ్ళుగా షుగరు, అంతకు ముందు నుంచే బీపీ, వీటికి తోడు మోకాళ్ళ నొప్పులు. నెలనెలా బిళ్ళలు ఇచ్చేదాన్ని నేనే. తిన్నదా అని ఫోన్లో అడిగితే, "మూడ్రోజులుగా విరోచనాలండి, గంజి తప్ప ఏవీ లేదు" అని ఆశా అంది. అది విన్నాక పడవ వైపు నడుస్తూనే బ్యాగులో గ్లూకోమీటరు ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

రేవులో ఇంజిన్ పడవ సరంగు తనకున్న షరతు ముందుగానే చెప్పాడు: వెలుతురు ఉండగా దింపుతాడు, చీకటి పడ్డాక మాత్రం తిప్పడు. కొట్టుకొచ్చే దుంగలు కనపడవు, కొబ్బరి తోటల్లోకి మళ్ళిన ప్రవాహంలో దారి తెలియదు. పైగా రాత్రిపూట పడవలు నడపవద్దని అధికారుల ఆదేశం కూడా ఉంది. ఆ షరతు తెలిసే బ్యాగు సర్దుకున్నాను. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (నరంలోకి ఎక్కించే గ్లూకోజ్ ద్రావణం) 100 మి.లీ. సీసాలు రెండు, 10 శాతం డెక్స్‌ట్రోజ్ 500 మి.లీ. సీసా ఒకటి, క్యాన్యులాలు, సెలైన్ సెట్టు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, 17 స్ట్రిప్పులు మిగిలిన గ్లూకోమీటరు డబ్బా వెంట ఉన్నాయి. 10 శాతం సీసా ఆ రోజు నా దగ్గర ఉండటం అదృష్టమే అనాలి. కేంద్రంలో ఒక జ్వరం పిల్లవాడి కోసం తెప్పించి, వాడకుండా మిగిలిన సీసా అది.

మొదటి పరీక్ష

7.15కి ఇల్లు చేరాను. ముంపు కారణంగా కరెంటు తీసేశారు. సావిట్లో నవారు మంచం మీద మామ్మగారు పడుకుని ఉన్నారు, తలవైపు చార్జింగ్ లైటు వెలుగుతోంది. నాకు మొదట కంటబడింది దిండు. తల ఆనిన మేర గలీబు తడిసి ముద్దయింది. రెండు రోజులుగా ముసురు పట్టి, నేనే చలికి వణుకుతూ వచ్చాను. ఆ గదిలో ఇంకెవరికీ చెమట లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, జిగురుగా తగిలింది. ఆవిడ బీపీకి అటెనలాల్ వాడతారు. ఆ మందు వేసుకునేవారిలో షుగరు పడిపోయినప్పుడు రావలసిన గుండెదడ, వణుకు బయటకు కనపడకపోవచ్చు, కానీ చెమటను అది అణచలేదు. అందువల్ల అటెనలాల్ వేసుకునే షుగరు మనిషికి అకాలంగా చెమట పట్టిందంటే నేను దాన్ని తేలిగ్గా తీసుకోను.

గట్టిగా పిలిస్తే కళ్ళు తెరవలేదు. గోరు మీద నొక్కితే తెరిచి, అర్థం కాని శబ్దం చేసి, నా చేతిని ఎడమ చేత్తో తోసే ప్రయత్నం చేశారు. తెలివి ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు మీద 15కి 9. కుడి చెయ్యి ఎత్తి వదిలితే ఎడమదానికన్నా ముందుగా పడిపోతోంది. నాడి 88, బీపీ 150/84, ఆక్సిజన్ 96, జ్వరం లేదు. ఆమె వేలిని నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, 7.22కి షుగరు చూస్తే 29 వచ్చింది. డెసీలీటరుకు 70 మి.గ్రా. కన్నా తగ్గితేనే హైపోగ్లైసీమియా అంటాము. 54 కన్నా తగ్గితే మెదడుకు ఇబ్బంది మొదలవుతుంది.

షుగరు బాగా పడిపోయినప్పుడు ఒక పక్క చెయ్యి, కాలు చచ్చుబడటం, మాట పోవడం అరుదుగానైనా జరుగుతుంది. అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది, గ్లూకోజ్ అందగానే చాలామందిలో పోతుంది. అందుకే పక్షవాతం అనుమానం ఉన్న ప్రతి మనిషికీ ముందుగా వేలి పోటు పరీక్ష చెయ్యాలని మాకు నేర్పుతారు. అప్పటికే కొడుకు, పావురం రక్తం రాస్తే పడిపోయిన చెయ్యి తిరిగి వస్తుందని ఎవరో చెప్పగా, మనవడిని పావురం కోసం పంపాడు. వరదలో పావురం దొరకలేదు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యలేను. నాలుగు గంటల పాటు రేవులో పడవ లేని ఊళ్ళో ఒక కొడుకు చెయ్యగలిగిందల్లా అతను చేశాడు. ఎవరూ ఆవిడ నోట్లో పంచదార నీళ్ళు పొయ్యకపోవడం మాత్రం మేలే అయింది. తెలివి లేని మనిషికి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి ఫోన్ కలిసింది. అంకె చెప్పగానే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. ఇవ్వమన్నారు. మనవడు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే, ఎడమ ముంజేతికి నీలం రంగు 22 గేజి క్యాన్యులా పెట్టాను. రెండో ప్రయత్నంలో గాని నరం దొరకలేదు. మూడు రోజుల విరోచనాలతో నరాలు అణగిపోయాయి. 25 శాతం ద్రావణం చిక్కగా ఉంటుంది, నరం బయటకు కారితే చుట్టూ ఉన్న కండ దెబ్బతింటుంది. అందువల్ల కంగారు పడకుండా, మధ్యమధ్యలో రక్తం వెనక్కి వస్తోందో లేదో లాగి చూసుకుంటూ, పది నిమిషాల్లో ఎక్కించాను. అందులో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజ్. మూడొంతులు పోయేసరికి ఆవిడ మొహం చిట్లించి, "ఎవర్రా ఆ లైటు మొహమ్మీద ఏసింది?" అన్నారు. మనవడు లైటు పక్కకు తిప్పి, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

7.45కి షుగరు 148. కుడి చేత్తో నా వేళ్ళు పట్టుకుని నొక్కమంటే గట్టిగానే నొక్కారు. "ఏవమ్మా, ఇంత రాత్రేళ ఏట్లో పడి వచ్చావా?" అని నన్నే కోప్పడ్డారు.

మందుల డబ్బా

ఇలాంటి కేసుల్లో మనుషులు పొరపాటు పడేది సరిగ్గా ఈ క్షణంలోనే. తెలివి వచ్చింది, మాట వచ్చింది, చెయ్యి వచ్చింది, ఇంట్లో అందరూ దండాలు పెడుతున్నారు. ఇన్సులిన్ కొద్దిగా ఎక్కువైన మనిషి అయితే కడుపునిండా తినిపించి, కాసేపు గమనించి రావచ్చునేమో. బిళ్ళలతో పడిపోయిన షుగరు అలా కాదు. గ్లిమెపిరైడ్ వంటి సల్ఫోనైల్‌యూరియా మందు ఒకసారి మింగితే దాదాపు రోజంతా క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ రప్పిస్తూనే ఉంటుంది. కిడ్నీలు మందగిస్తే అంతకన్నా ఎక్కువసేపు ఆ పని చేస్తుంది. మనం ఎక్కించిన గ్లూకోజ్ కూడా మరికొంత ఇన్సులిన్‌ను రప్పిస్తుంది కాబట్టి ఒక సీసాతో పైకి లేచిన షుగరు గంటా రెండు గంటల్లో మళ్ళీ జారిపోతుంది.

అందుకే ముందుగా మందులు చూపించమన్నాను. కోడలు బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. మా క్లినిక్ నుంచి ఇచ్చిన గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. స్ట్రిప్పు, దాని మీద "పొద్దున 1" అని ఎర్ర సిరాతో నా చేతి రాత. మా మెట్‌ఫార్మిన్, అదీ షుగరుకే. అటెనలాల్. ఇవి నాకు తెలిసినవే. వాటి కింద పట్నంలోని మందుల షాపు కవరులో మరో స్ట్రిప్పు ఉంది. పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, దాని కింద చీమల బారులాంటి అక్షరాల్లో గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. అని ఉంది. రెండు నెలల కిందట పెద్ద కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రైవేటు డాక్టరు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారట. మేము ఇచ్చిన బిళ్ళలు ఉన్నాయని ఆయనకు వీళ్ళు చెప్పలేదు, ఆయన బిళ్ళలు ఉన్నాయని నాకు చెప్పలేదు. పేర్లు వేరు కాబట్టి మందులు వేరనుకున్నారు. రోజుకు 2 మి.గ్రా. గ్లిమెపిరైడ్ అని నేను అనుకుంటూ ఉండగా ఆవిడ కడుపులోకి 6 మి.గ్రా. వెళుతోంది.

డబ్బాలో ఇంకా రెండు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళోని ఆర్.ఎం.పి. ఇచ్చిన డైక్లోఫెనాక్ ఒకటి, విరోచనాలకు ఆయనే ఇచ్చిన ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ ఒకటి. డైక్లోఫెనాక్ వల్ల కిడ్నీలకు రక్తప్రసారం తగ్గుతుంది, విరోచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఆఫ్లాక్సాసిన్ తరగతి యాంటీబయాటిక్‌లు సల్ఫోనైల్‌యూరియా వాడేవారిలో షుగరును ఇంకా కిందకు తోస్తాయి. విడివిడిగా చూస్తే ప్రతి బిళ్ళకూ ఒక కారణం ఉంది. ఆ నాలుగు కారణాలనూ ఒక్కచోట పెట్టి చూసినవాళ్ళే లేరు. ఇందులో ఆర్.ఎం.పి.ని తప్పుపట్టడం తేలిక. ఆ వరదలో ఆ ఇంటి గడప తొక్కింది ఆయనొక్కరే అన్నది కూడా ఇక్కడ రాయాలి.

నా స్ట్రిప్పుల్లో బిళ్ళలు లెక్కపెట్టాను. ఇచ్చి పదిహేను రోజులయింది, ముప్ఫైలో పదిహేను మిగిలాయి. మూడు రోజులుగా అన్నం ముట్టని మనిషి ఒక్క బిళ్ళ కూడా తప్పలేదు. "ఇంత నీరసంగా ఉంటే షుగరు బిళ్ళ ఎందుకు వేశారు, పిన్నిగారూ?" అని అడిగాను. కోడలు నా మొహంలోకి చూసి, "ఏ రోజూ మానకూడదని మీరే చెప్పారు కదండీ, సిస్టరుగారూ" అంది.

నిజమే. నెలనెలా క్లినిక్‌లో నేను చెప్పేది అదే. బిళ్ళలు మధ్యలో మానేసి, కాలి పుండ్లతో వచ్చేవాళ్ళను చూసి చూసి, "ఏం జరిగినా మానొద్దు" అనడం నాకు అలవాటైపోయింది. తినలేని రోజున ఏం చెయ్యాలో చెప్పే రెండో వాక్యం నా నోట ఎప్పుడూ రాలేదు. బయట ఎక్కడైనా చూపించుకున్నారా, ఇంట్లో ఇంకేం బిళ్ళలు ఉన్నాయి అని కూడా ఆ నెల అడగలేదు. ఆ రోజు క్లినిక్‌లో వరస పెద్దదిగా ఉంది.

ఉండిపోవాలా, తీసుకెళ్ళాలా

ఎనిమిదింటికి డాక్టరుగారితో మళ్ళీ మాట్లాడి డబ్బాలోని మందులన్నీ వరుసగా చదివాను. ఆసుపత్రిలో కనీసం ఒక రోజు ఉంచి, గంట గంటకూ షుగరు చూస్తూ, అవసరమైతే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షనుతో ఇన్సులిన్ విడుదలను అణచవలసిన కేసు ఇది అని ఇద్దరమూ ఒప్పుకున్నాము. కానీ బయట పూర్తిగా చీకటి పడింది, సరంగు పడవను కొబ్బరి చెట్టుకు కట్టేశాడు. ఏటి మధ్యలో చీకట్లో షుగరు మళ్ళీ పడిపోతే, ఊగే పడవలో నరం కూడా దొరకదు. క్యాన్యులా నిలిచి ఉంది, 10 శాతం సీసా ఉంది, మనిషి మింగగలుగుతోంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సరంగు కాళ్ళు పట్టుకునైనా బయలుదేరేదాన్ని. తెల్లవారేదాకా నేను అక్కడే ఉండాలని, వెలుతురు రాగానే తరలించాలని, గంటకోసారి అంకె మెసేజి పెట్టాలని నిర్ణయమైంది. ఈలోగా ఆమె సొంత తెలివిలో ఉన్నారు కాబట్టి విషయమంతా ఆమెకే వివరించి, ఆమె ఒప్పుకున్నాకే చేశాను. కొడుకును పక్కన ఉంచి అదీ రాసుకున్నాను.

8.10కి 10 శాతం డెక్స్‌ట్రోజ్ మొదలుపెట్టాను. స్టాండు లేదు, వాసానికి కొబ్బరితాడు వేసి సీసా వేలాడదీశాము. గంటకు 60 మి.లీ., అంటే మామూలు సెట్టులో నిమిషానికి 20 చుక్కలు. గంటకు 6 గ్రాముల గ్లూకోజ్ వెళుతుంది, సీసా ఎనిమిది గంటలకు సరిపోతుంది. వాడిన సూదులు ఖాళీ నీళ్ళ సీసాలో వేసి మూత బిగించాను. ఓ.ఆర్.ఎస్. గుటక గుటకగా తాగించడం కోడలు పని. నాడి, ఊపిరి, కాళ్ళ వాపు, మూత్రం ఎంత వచ్చిందో చూసుకోవడం నా పని.

8.45కి 96 ఉంది. జావ పట్టించాము. 9.45కి 74. మనిషి మామూలుగా మాట్లాడుతున్నారు, గేదెలకు గడ్డి వేశారా అని అడుగుతున్నారు. 10.50కి మాట మళ్ళీ నెమ్మదించింది, నుదుట చెమట పట్టింది; షుగరు 58. రెండో 25 శాతం సీసాలో సగం, 50 మి.లీ. ఎక్కించాను. పావుగంటకు 132 వచ్చింది. నేను ఆ ఇంటి నుంచి తొమ్మిదింటికి బయటపడి ఉంటే ఏమై ఉండేదో ఆ 58 చెబుతోంది. పన్నెండింటికి 104, ఒంటిగంటకు 82. పడిపోతున్న తీరు చూసి చుక్కలు 30కి పెంచాను. అలా పెంచితే సీసా మూడున్నర లోపే అయిపోతుందని తెలుసు. అయినా పెంచక తప్పలేదు.

ఆ తర్వాత జరిగినది ఇంకా వివరంగా చెప్పాలి. ఇంటర్ చదివే మనవడు గ్లూకోమీటరు వాడటం నన్ను చూసి నేర్చుకున్నాడు. రెండింటికి నేను గోడకు చేరగిలబడి కన్ను మూశాను. రెండున్నరకు మామ్మగారు ఆకలి అంటే అతనే బెల్లం పానకం కలిపి ఒక గుటక పట్టించి, షుగరు చూసి, నన్ను లేపి సంతోషంగా "212 అండి!" అన్నాడు. ఒక్క క్షణం నాకూ హాయిగా అనిపించింది; చుక్కలు తగ్గించి సీసాను పొద్దున్నదాకా లాగవచ్చు అనుకున్నాను కూడా. కానీ గంటన్నరలో 82 నుంచి 212కు, అదీ ఒక్క గుటక పానకంతో వెళ్ళడం లెక్కకు కుదరలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుంటే వేళ్ళు అంటుకున్నాయి. బెల్లం కలిపిన చేత్తోనే అతను ఆమె వేలు పట్టుకుని గుచ్చాడు. బెల్లంలోని గ్లూకోజ్ వేలి మీద కంటికి కనపడనంత ఉన్నా మీటరు దాన్ని కూడా రక్తంతో పాటే లెక్కపెడుతుంది. నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వేరే వేలి నుంచి మళ్ళీ చూస్తే 61. ఆ తప్పు అంకెను నమ్మి చుక్కలు తగ్గించి ఉంటే ఈ కేసును ఇలా రాసే పని ఉండేది కాదు. మూడు చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు చూస్తే 90కి వచ్చింది. కుర్రాడు బాధపడుతుంటే, "తప్పు నీది కాదు తమ్ముడూ, గుచ్చడం చూపించాను గాని కడగడం చెప్పలేదు" అన్నాను.

3.20కి సీసా ఖాళీ అయింది. క్యాన్యులాలోకి సెలైన్ తోసి మూసి ఉంచాను. మిగిలిన 50 మి.లీ. 25 శాతం డెక్స్‌ట్రోజ్‌ను పడవ కోసం దాచాను. అప్పటి నుంచి ఆవిడను నిద్రపోనివ్వకుండా అరగంటకోసారి పంచదార వేసిన జావ పట్టించడమే మార్గమయింది. నిద్రలో షుగరు పడిపోతే బయటకు తెలియదు. కోడలు ఆవిడ చేత చిన్ననాటి వరదల కబుర్లు చెప్పించింది. నాలుగింటికి 94, 5.30కి 79.

ఆరు దాటాక పడవ ఎక్కించాము. నవారు మంచంతో సహా నలుగురు మోకాలి లోతు నీళ్ళలో మోశారు. ఏటిలో ఉండగా ఒకసారి చూస్తే 72. రేవులో 108 అంబులెన్స్ సిద్ధంగా ఉంది. మందుల డబ్బాను, అంకెలన్నీ వేళలతో రాసిన కాగితాన్ని వాళ్ళ చేతికి ఇచ్చాను. అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి చేరేసరికి షుగరు 66. చివరి బిళ్ళ మింగి దాదాపు ఇరవై నాలుగు గంటలు కావస్తున్నా అది ఇంకా పడుతూనే ఉంది.

తర్వాత

ఆసుపత్రిలో మరో రోజున్నర పాటు డెక్స్‌ట్రోజ్ నడిచింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.9 వచ్చింది, విరోచనాలు తగ్గి, ఒంట్లోకి నీరు చేరి, డైక్లోఫెనాక్ ఆగాక రెండు వారాల్లో 1.7కు దిగింది, ఆ కిందకు మాత్రం రాలేదు. అంటే కిడ్నీలు ముందు నుంచే కొంత దెబ్బతిని ఉన్నాయి, ఎవరమూ పరీక్ష చేయించలేదు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ ఆపేసి, కిడ్నీల కోసం మోతాదు మార్చనక్కర లేని లినాగ్లిప్టిన్ 5 మి.గ్రా. ఒక్కటే రాశారు. ఆ వయసులో మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష 8 శాతం లోపు ఉంటే చాలునని, 7 లోపుకు తేవాలని పట్టుబట్టవద్దని డాక్టరు రాసి పంపారు. పక్షవాతపు ఛాయలేవీ మిగలలేదు.

నా పనిలో మారినవి కొన్ని ఉన్నాయి. బిళ్ళలు ఇచ్చే ముందు ఇంట్లోని మందులన్నీ సంచిలో వేసి తెమ్మంటున్నాను, తేకపోతే నేనే వెళ్ళి చూస్తున్నాను. ఇలా అడగడం మొదలుపెట్టిన మొదటి నెలలోనే మరో నాలుగు ఇళ్ళలో ఒకే మందు రెండు పేర్లతో దొరికింది. "మానొద్దు" అన్న మాటకు ఇప్పుడు రెండో వాక్యం చేర్చాను: అన్నం తినలేని పూట గ్లిమెపిరైడ్ గాని అదే తరగతికి చెందిన గ్లిబెన్‌క్లమైడ్ గాని వెయ్యవద్దు, వాంతులు, విరోచనాలు ఉంటే మెట్‌ఫార్మిన్ కూడా ఆపి నాకు ఫోన్ చెయ్యాలి. ఇన్సులిన్ వేసుకునేవారికి ఈ మాట ఇలాగే చెప్పకూడదు. వాళ్ళు సొంతంగా పూర్తిగా ఆపేస్తే అది మరో ప్రమాదం, కాబట్టి వాళ్ళకు మోతాదు తగ్గించే సంగతి డాక్టరుగారితో మాట్లాడించే చెబుతున్నాను. ఆర్.ఎం.పి. దగ్గరకు కూడా వెళ్ళాను. మొదట ముభావంగా ఉన్నా, 6 మి.గ్రా. లెక్క చెప్పాక ఆఫ్లాక్సాసిన్ సంగతి ఆయనే మళ్ళీ అడిగి కాగితం మీద రాసుకున్నారు.

వరదకు ముందు లంకల్లో కాన్పు రోజులు దగ్గరపడిన గర్భిణులను, డయాలసిస్ మీద ఉన్నవారిని గుర్తించి గట్టు దాటించే జాబితా మాకు ఎప్పుడూ ఉంటుంది. షుగరు మనిషి ఆ జాబితాలో ఉండేవాడు కాదు, నడవగలడు కాబట్టి. ఇప్పుడు నా నోటుపుస్తకంలో దానికి వేరే పేజీ ఉంది: 65 దాటి, సల్ఫోనైల్‌యూరియా గాని ఇన్సులిన్ గాని వాడుతున్నవారు, వాళ్ళలో క్రియాటినిన్ తేలనివారి పేర్ల పక్కన గుర్తు. ఎగువన భద్రాచలంలో నీరు పెరుగుతోందని తెలియగానే ఆ ఇళ్ళకు ఫోన్ చేసి తిండి, విరోచనాలు, బిళ్ళలు అడుగుతాను. పంచదార, ఓ.ఆర్.ఎస్. ఇంట్లో ఉన్నాయో లేదో కనుక్కుంటాను.

మొన్న మామ్మగారి ఇంటికి వెళ్ళినప్పుడు రేకు డబ్బా తనే తెచ్చి నా ముందు పెట్టారు. "అప్పుడు మానకూడదన్నావు, ఇప్పుడు మానమంటున్నావు. నీ మాట ఏది నమ్మాలమ్మా?" అని అడిగారు. మొదటిసారి సగమే చెప్పానని ఒప్పుకున్నాను. డబ్బా మూత లోపల మనవడు మందుల పేర్లు పెద్ద అక్షరాల్లో రాసి అంటించాడు, లినాగ్లిప్టిన్, అటెనలాల్ తప్ప మరేవీ లేవు. అటెనలాల్ కూడా కిడ్నీల ద్వారానే పోవాలి కాబట్టి దాన్ని మార్చే విషయం డాక్టరుగారి దృష్టికి తీసుకెళ్ళాను. వేలు కడిగించి చూస్తే పరగడుపు షుగరు 152. క్రియాటినిన్‌కు రక్తం తీసి, పడవ ఎక్కాను.